కొత్త ఫోన్ కొన్నాక పాత ఫోన్‌ను ఏం చేయాలి? అమ్మాలా, ఇంట్లో ఇవ్వాలా, దాచాలా?

మీరు అడిగింది ఇదీ: నాలుగేళ్లు వాడిన ఫోన్ ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ మెమరీ, మూలన చిన్న పగులు తప్ప బాగానే నడుస్తోంది. మొన్న కొత్తది కొన్నారు. షాపులో ఎక్స్చేంజ్ కింద 2,200 ఇస్తామంటే మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నారు. జడ్చర్ల దగ్గర ఊళ్లో అమ్మానాన్న ఇంకా కీప్యాడ్ ఫోనే వాడుతున్నారు, తమ్ముడు ఇంటి దగ్గరే ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. అమ్మాలా, వాళ్లకివ్వాలా, అవసరానికి ఉంటుందని దాచుకోవాలా? అమ్మితే ఫొటోలు, ఫోన్‌పే వివరాలు ఎవరి చేతిలోనన్నా పడతాయా? రీసెట్ కొడితే సరిపోతుందా?

నేను నల్లగొండలో 17 ఏళ్లుగా సెల్ రిపేరు చేస్తున్నాను. సూటిగా చెప్తాను. 2,200కి ఇవ్వకండి. ఇంటికే ఇవ్వండి, అమ్మానాన్నల కోసం. అయితే వాళ్ల కీప్యాడ్ ఫోన్ మాత్రం తీసేయకండి. ఇచ్చే ముందు పదిహేను రోజులు పాతది మీ దగ్గరే ఉంచి పద్ధతిగా ఖాళీ చేయండి. దాచడం మాత్రం అసలే వద్దు. రీసెట్ సరిపోతుంది, కానీ దానికి ముందు కొన్ని పనులు చేస్తేనే.

దాచడం ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ మంది చేసేది అదే. "పక్కన పడి ఉంటది, ఎప్పుడన్నా అక్కరకొస్తది" అంటారు. బీరువాలో చీరల కింద పెడతారు, లేకపోతే టీవీ స్టాండు సొరుగులో పాత చార్జర్ల మధ్య పడేస్తారు. ఫోన్ వాడకపోయినా లిథియం బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది. పూర్తిగా దిగిపోయి నెలల తరబడి అలాగే ఉంటే లోపల చెడిపోతుంది. మళ్లీ చార్జర్ పెడితే కొన్ని ఎక్కవు, కొన్ని ఉబ్బుతాయి. ఈలోపు ఫోన్ ధర కూడా పడిపోతుంది. ఇవి డబ్బు నష్టాలు, ఎట్లనో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది.

రెండేళ్ల కింద కనగల్ వైపు నుంచి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పసుపు గుడ్డలో చుట్టిన ఫోన్ బల్ల మీద పెట్టింది. అది ఆమె భర్తది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది, అప్పటి నుంచి ఫోన్ బీరువాలోనే ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక ప్యానెల్ ఒక పక్క గోరు పట్టేంత లేచింది. ఉబ్బిన బ్యాటరీకి వేడి తగలకూడదు, అందుకని హీట్ గన్ పెట్టలేదు. అంచుల్లో స్పిరిట్ చుక్కలు వేసి, జిగురు మెత్తబడేదాకా ఆగి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో కొంచెం కొంచెంగా లేపాను. కొత్త బ్యాటరీ తగిలించి స్విచ్ నొక్కితే కంపెనీ పేరు వెలిగింది. స్టూలు మీద కూర్చున్న ఆమె లేచి నిలబడింది.

తర్వాత తొమ్మిది చుక్కలు వచ్చాయి. ప్యాటర్న్ ఏంటని అడిగితే ఆమె కొడుకు ముఖం చూసింది. కొడుకు తనకు గుర్తున్నవన్నీ గీశాడు. ఐదారు తప్పులయ్యాక ఫోన్ ముప్పై సెకన్లు ఆగమంది, తర్వాత ఇంకా ఎక్కువసేపు ఆగమంది. గంట సేపు కూర్చున్నారు. తెరుచుకోలేదు. ఇప్పటి ఫోన్లలో లోపలి సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే లాక్ తీయకుండా ఎవరూ చదవలేనట్టు మారి ఉంటుంది. ప్యాటర్న్ తెలియకపోతే నేను కాదు, ఫోన్ తయారు చేసిన కంపెనీ కూడా చదవలేదు. ట్రేలో మెమరీ కార్డు ఉంటే తీసి రీడర్‌లో పెట్టాను, దాంట్లో ఆరు వందల దాకా ఫొటోలు దొరికాయి. అవి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. కానీ ఆమె వచ్చింది ఫొటోల కోసం కాదు. పొలం దగ్గర నుంచి ఆయన చేసిన కాల్స్ ఆ ఫోన్‌లో రికార్డు అయి ఉన్నాయి. ఆ గొంతు కోసం వచ్చింది. రికార్డింగులు ఫోన్ మెమరీలో ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ కొత్త ఫోన్ కొన్న పదిహేను రోజుల్లో పాత ఫోన్ పని తేల్చేయమని చెప్తున్నాను. లాక్ గుర్తున్నప్పుడే, బ్యాటరీ బతికి ఉన్నప్పుడే.

ఈ పదిహేను రోజులు ఏం చేయాలి?

పాత ఫోన్‌ను చార్జింగ్‌లో ఉంచుకుంటూ పక్కనే పెట్టుకోండి. కొత్త ఫోన్‌లో "అరె, అది ఏదీ?" అని మీకు అనిపించిన ప్రతిసారీ పాతదాంట్లో వెతకండి. కొత్త ఫోన్ ఆన్ చేయగానే పాతదాని నుంచి అన్నీ కాపీ చేసుకోవాలా అని అడుగుతుంది, చాలావరకు తెస్తుంది కూడా. కానీ అన్నీ రావు. ఎక్కువగా మిగిలిపోయేవేంటో నాకు తెలిసినవి చెప్తాను.

కాంటాక్టులు. చాలామందివి సగం గూగుల్ ఖాతాలో, కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్‌లోనే సేవ్ అయి ఉంటాయి. ఫోన్‌లో సేవ్ అయినవి రీసెట్‌తో పోతాయి. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి అన్నిటినీ గూగుల్ ఖాతాలోకి మార్చండి, తర్వాత కొత్త ఫోన్‌లో లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి.

ఫొటోలు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది మామూలుగా కెమెరాతో తీసినవాటినే పైకి పంపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, డౌన్‌లోడ్స్, స్క్రీన్‌షాట్లు వెళ్లాలంటే ఆ ఫోల్డర్లను మీరు విడిగా ఆన్ చేయాలి. పైగా 2021 జూన్ నుంచి ఫొటోలన్నీ గూగుల్ ఖాతాకు ఇచ్చే ఉచిత 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. చోటు నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, నోటిఫికేషన్ వచ్చినా మనం పక్కకు జరిపేస్తాం. అందుకని మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే కేబుల్ పెట్టి మొత్తం ఫోల్డర్లు ఒకసారి దాంట్లో వేసుకోండి. నేనైతే దీన్నే ఎక్కువ నమ్ముతాను.

వాట్సాప్. పాత ఫోన్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాకప్ ఇప్పుడే తీయండి, నిన్నటిదో మొన్నటిదో ఉంది కదా అనుకోవద్దు. కొత్త ఫోన్‌లో అదే నంబర్, అదే గూగుల్ ఖాతా ఉంటేనే పాత మాటలు తిరిగొస్తాయి. ఇక్కడ పొరపాటు చేసే వాళ్లు చాలామంది. కొత్త ఫోన్‌లో కొత్త జీమెయిల్ తెరుస్తారు, పాతదాని పాస్‌వర్డ్ గుర్తు లేక. బ్యాకప్ ఏమో పాత ఖాతాలో ఉంటుంది.

కాల్ రికార్డింగులు, వాయిస్ రికార్డర్‌లో చేసినవి, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న పీడీఎఫ్‌లు. వీటిని చేత్తో తీసుకోవాల్సిందే. మన రైతుల ఫోన్లలో పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఈ మూడు ఫొటోలు తప్పకుండా ఉంటాయి. ఎవరికో పంపడానికి ఎప్పుడో తీసి ఉంటారు. మీవి కూడా గ్యాలరీలో, వాట్సాప్‌లో పంపినవాటి ఫోల్డర్‌లో ఉంటాయి, చూడండి.

ఇంకొకటి, సిమ్. పాత ఫోన్‌లో రెండో స్లాట్‌లో ఎప్పటిదో సిమ్ ఉంటుంది. రీచార్జి చేయక మరిచిపోయి ఉంటారు, కానీ ఏదో ఒక బ్యాంకు ఖాతాకు, పీఎఫ్‌కు, జీమెయిల్‌కు ఆ నంబరే ఇచ్చి ఉంటారు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ఆ నంబర్ తీసేసి తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ముందు ఆ నంబర్ ఎక్కడెక్కడ ఉందో చూసి మార్పించుకోండి, ఆ తర్వాతే వదిలేయండి.

ఫోన్‌పే, గూగుల్ పే భయం గురించి

మీ యూపీఐ పిన్ ఫోన్‌లో దాచి ఉండదు, దాన్ని సరిచూసేది బ్యాంకు. యూపీఐ యాప్ మీ సిమ్‌తో ముడిపడి ఉంటుంది. కాబట్టి పాత ఫోన్ చేతిలో పడినంత మాత్రాన ఎవరూ డబ్బు తీయలేరు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. అయితే యాప్ డిలీట్ చేస్తే పని అయిపోయిందనుకోవడం కూడా తప్పే. ముందు కొత్త ఫోన్‌లో సిమ్ వేసి యాప్ మొదలుపెట్టండి, ఒక రూపాయి ఎవరికైనా పంపి చూడండి. అది వెళ్లాక పాత ఫోన్‌లోని యాప్ నుంచి లాగౌట్ అయి, ఆ తర్వాత తీసేయండి. బ్యాంకుల సొంత యాప్‌లకూ ఇదే పద్ధతి. ఆఫీసు మెయిల్‌కి ఆరంకెల కోడ్ చూపించే యాప్ వాడుతుంటే దాన్ని రీసెట్‌కు ముందే కొత్త ఫోన్‌కు మార్చుకోవాలి. అది మరిచిపోతే మీ మెయిల్లోకి మీరే వెళ్లలేరు.

ఇప్పుడు రీసెట్

మొదట సిమ్‌లు, మెమరీ కార్డు బయటికి తీయండి. ఫ్యాక్టరీ రీసెట్ మామూలుగా మెమరీ కార్డును ముట్టుకోదు. కనగల్ ఆమెకు ఫొటోలు దొరికింది కూడా అందుకే, కార్డులో ఉన్నదానికి తాళం ఉండదు. అదే కార్డు ఫోన్‌తో పాటు అమ్మేస్తే కొన్నవాడికీ అంతే తేలిగ్గా దొరుకుతుంది. నా షాపుకు వచ్చే సెకండ్ హ్యాండ్ ఫోన్లలో కార్డు ట్రేలోనే మరిచిపోయినవి నెలకొకటైనా చూస్తాను. ఆడపిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలు ఉంటాయి. నేను ఫోన్ తెచ్చినవారితో మాట్లాడించి తిరిగి పంపుతాను. అందరూ పంపరు.

రెండోది, గూగుల్ ఖాతాను సెట్టింగుల్లో నుంచి తొలగించాకే రీసెట్ చేయండి. ఫోన్‌కున్న బటన్లు నొక్కి పట్టుకుని రీసెట్ కొట్టే పద్ధతి ఒకటి యూట్యూబ్‌లో చూపిస్తుంటారు, అలా చేయకండి. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఫోన్లకు దొంగతనం నుంచి రక్షణగా ఒక తాళం ఉంది. ఖాతా తీయకుండా బటన్లతో రీసెట్ చేస్తే, ఫోన్ తిరిగి తెరిచేటప్పుడు పాత జీమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి ఇవ్వకపోతే ముందుకు కదలదు. దేవరకొండ నుంచి ఒక పిల్లవాడు డిగ్రీలో చేరుతూ 6 వేలు పెట్టి పాత ఫోన్ కొన్నాడు, మూడు నెలలు ఇస్త్రీ బండి దగ్గర పనిచేసి పోగు చేసుకున్న డబ్బు. ఆన్ చేస్తే పాత జీమెయిల్ అడుగుతోందని నా దగ్గరికి తెచ్చాడు. అమ్మిన మనిషి అప్పటికే పనికి పుణె వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే మంచివాడే, జీమెయిల్ చెప్పాడు, కానీ పాస్‌వర్డ్ గుర్తు లేదు. కోడ్ వచ్చే నంబర్ ఆయన భార్య దగ్గర ఊళ్లో ఉంది. మూడు రోజులు, ముగ్గురి మధ్య ఫోన్లు తిరిగితే తెరుచుకుంది. అమ్మినాయన ఒక్క నిమిషం ఖర్చు పెట్టి ఖాతా తీసి ఉంటే ఆ మూడు రోజుల తిప్పలు ఉండేవి కావు. ఐఫోన్ అయితే ఇంకా గట్టి తాళం. "ఫైండ్ మై" ఆపి, ఐక్లౌడ్ నుంచి బయటికి రాకుండా ఇస్తే అది కొన్నవాడికి పనికిరాదు.

ఇక రీసెట్ చేశాక ఎవరైనా ఫొటోలు వెనక్కి తీయగలరా అంటే, మీ ఫోన్ విషయంలో భయం లేదు. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాతి వాటితో విడుదలైన ప్రతి ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. సమాచారం తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు, రీసెట్ కొడితే ఆ తాళంచెవి చెరిగిపోతుంది. పెట్టెలో ఏం మిగిలినా చదవడం కుదరదు. 2015 కంటే పాత ఫోన్లలో చాలావాటికి ఈ తాళం ఉండదు. అలాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే, సెట్టింగుల్లో "ఎన్‌క్రిప్ట్ ఫోన్" అని ఉందేమో చూసి ముందు అది చేసి, తర్వాత రీసెట్ కొట్టాలి. అది లేకపోతే రీసెట్ అయ్యాక నేల వైపు కెమెరా పెట్టి మెమరీ నిండేదాకా వీడియో తీయండి, మళ్లీ రీసెట్ చేయండి. పాతవాటి మీద కొత్తవి రాసుకుపోతాయి. ఇక్కడ మా దగ్గర ఇది నేను చాలాసార్లు చేశాను.

అమ్మానాన్నలకు ఎట్లా ఇవ్వాలి

మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించింది ఇదే.

కొడుకులు చేసే పొరపాటు ఏంటంటే, కీప్యాడ్ ఫోన్లో సిమ్ తీసి ఆండ్రాయిడ్‌లో వేసి, ఫోన్‌పే కూడా పెట్టి, "ఇగో అమ్మా, ఇట్ల నొక్కు" అని చెప్పి హైదరాబాద్ బస్సెక్కుతారు. ఆ నంబరే బ్యాంకుకు, రైతు భరోసాకు, గ్యాసుకు లింకై ఉంటుంది. వారం తిరగకుండా వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పీఎం కిసాన్ అనో, బ్యాంకు కేవైసీ అనో, బండి చలాన్ అనో దానికి పేరు ఉంటుంది. అది ఏపీకే ఫైల్. నొక్కితే యాప్‌గా దిగుతుంది, అనుమతులు అడుగుతుంది. పెద్దవాళ్లు అన్నిటికీ సరే నొక్కుతారు. ఇక వచ్చే ప్రతి ఓటీపీ దొంగకు కనిపిస్తుంది.

అందుకే బ్యాంకు నంబర్ ఉన్న సిమ్ కీప్యాడ్ ఫోన్‌లోనే ఉండనివ్వండి. ఆ ఫోన్లో ఏపీకే దిగదు. ఓటీపీ ఆ చిన్న తెర మీదకు వస్తుంది, ఇంకెక్కడికీ పోదు. సిమ్ లేకుండా యూపీఐ నడవదు కాబట్టి ఆండ్రాయిడ్‌లో డబ్బు ముచ్చటే ఉండదు. వాట్సాప్‌ను బ్యాంకు నంబర్‌తో తెరవకండి, వేరే సిమ్ ఒకటి ఆండ్రాయిడ్‌లోనే వేసి ఆ నంబర్‌తో తెరవండి. మొదటిసారి ఆరంకెల కోడ్ ఆ సిమ్‌కే వస్తుంది. నెట్ కోసం ఆ సిమ్‌కే చిన్న ప్యాకేజీ వేయండి, లేదా మీ తమ్ముడి హాట్‌స్పాట్ ఉంది కదా. రెండు ఫోన్లు మోయడం కష్టం కదా అంటారు. అమ్మకు ఆండ్రాయిడ్ మోయాల్సిన పనే లేదు, అది ఇంట్లో ఉంటుంది. పొలానికి వెళ్లేది కీప్యాడ్ ఫోనే. గెట్టు మీద పడినా దానికి పెద్దగా ఏం కాదు.

దేవరకొండ దగ్గర ఒక తండాలో నాయనమ్మ దగ్గర ఇద్దరు మనవలు ఉంటారు, తల్లిదండ్రులు పుణెలో పనికి పోయారు. పోయే ముందు వాళ్ల పాత ఫోన్ నా దగ్గరికి తెచ్చి, అమ్మకు అర్థమయ్యేట్టు చేసివ్వమన్నారు. మొదటి తెర మీది యాప్‌లన్నీ తీసేశాను. వాట్సాప్‌లో కొడుకు పేరు తెరిచి, మెనూలో "షార్ట్‌కట్ జోడించు" అన్నది నొక్కితే కొడుకు ఫొటో నేరుగా మొదటి తెర మీదకు వచ్చింది. పక్కన కోడలి ఫొటో. అంతే, రెండు ముఖాలు. అక్షరం రాకపోయినా ముఖం నొక్కుతుంది, పైన వీడియో గుర్తు నొక్కుతుంది. అక్షరాల సైజు పెద్దది చేశాను, తెర ఆరిపోయే సమయం రెండు నిమిషాలకు పెంచాను. పెద్దవాళ్లకు ముప్పై సెకన్లు చాలదు, ఆలోచించేలోపే ఆరిపోతుంది. తెలియని చోటు నుంచి యాప్‌లు దింపే అనుమతి వాట్సాప్‌కు, క్రోమ్‌కు రెండిటికీ ఆపేశాను. ఆదివారం ఆదివారం వాళ్లు మాట్లాడుకుంటున్నారని మొన్న చార్జింగ్ పిన్ మార్చుకోవడానికి వచ్చినప్పుడు చెప్పారు.

మీ తమ్ముడు ఇంటి దగ్గరే ఉన్నాడు కాబట్టి ఈ ఫోన్‌కు కాపలా ఆయనే. రాత్రిపూట ఆయనకూ పనికొస్తుంది. టీ-శాట్ నిపుణ (పోటీ పరీక్షలకు ప్రభుత్వం నడిపే చానెల్) పాఠాలు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు పెట్టుకోవచ్చు. చదివే ఫోన్‌లో ఇన్‌స్టా, గేములు లేకుండా ఉండటం తనకే మేలు. రీసెట్ అయ్యాక అవి వేయకుండా ఉంటే సరి.

ఇచ్చే ముందు ఒకటి చూడండి. సెట్టింగుల్లో "ఫోన్ గురించి" అనే చోట సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. తక్కువ ధర ఫోన్లకు రెండు మూడేళ్లకే అప్‌డేట్లు ఆగిపోతాయి, మీదీ ఆగి ఉండవచ్చు. ఆగిపోతే ఆ ఫోన్‌లో బ్యాంకు పని ఎప్పుడూ పెట్టవద్దు. వీడియో కాల్‌కు, చదువుకు వాడుకోవచ్చు. బ్యాటరీ సగం రోజుకే దిగుతుంటే ఇచ్చే ముందే మార్పించండి. మూలన ఉన్న పగులు టచ్ పనిచేస్తున్నంత వరకు మార్చనవసరం లేదు, కాంబో (పై అద్దం, డిస్‌ప్లే కలిపి వచ్చే భాగం) ధర మీ ఫోన్ విలువకు దగ్గరగా పోతుంది. పైన ఒక టెంపర్డ్ గ్లాస్ వేయించండి, వేలికి గుచ్చుకోకుండా.

పాత ఫోన్‌ను కొట్టం దగ్గరో, ఇంటి ముందో సీసీ కెమెరాగా పెట్టుకుంటామని కొందరు అడుగుతారు. యాప్‌లు ఉన్నాయి, పనిచేస్తుంది. కానీ రోజంతా చార్జర్‌కు తగిలించి రేకుల కప్పు కింద పెడితే మన ఎండలకు కొన్ని నెలల్లోనే బ్యాటరీ ఉబ్బవచ్చు. నల్లగొండ మే నెల ఎండలో రేకు కింద పెట్టిన ఫోన్ ముట్టుకోలేం. కప్పు గడ్డిదైతే ఇంకా ప్రమాదం. పెట్టాలనుకుంటే ఇంటి లోపల నీడన పెట్టండి, చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగు ఉంటే ఆన్ చేయండి, వారానికోసారి వెనక ప్యానెల్ లేచిందేమో చేత్తో తడిమి చూడండి.

అమ్మాలనే అనుకుంటే

తెలిసిన మనిషికి అమ్మండి, లేదా బిల్లు రాసిచ్చే షాపుకు. ఆన్‌లైన్ ఎక్స్చేంజ్‌లో ఎక్కువ ధర చూపించినా, ఇంటికొచ్చిన మనిషి పగులు చూసి, బ్యాటరీ చూసి తగ్గిస్తాడు. ఫోన్ గురించి వాళ్లు అడిగేవాటికి ముందే నిజం చెప్తే చివర్లో గొడవ ఉండదు. పెట్టె, బిల్లు ఉంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఎవరికి అమ్మినా ఒక కాగితం రాసుకోండి. తేదీ, ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్), కొన్నవారి పేరు, ఫోన్ నంబర్, సంతకం. ఐఎంఈఐ కావాలంటే *#06# కొట్టండి, 15 అంకెలు వస్తాయి. ఆ కాగితం ఫొటో తీసి ఉంచుకోండి. రేపు ఆ ఫోన్‌తో ఎవరైనా తప్పు చేస్తే పోలీసులు ఐఎంఈఐ పట్టుకుని వస్తారు, దాంట్లో నాలుగేళ్లు తిరిగిన సిమ్ మీదే కదా.

మీరే ఎప్పుడైనా పాతది కొంటే, డబ్బివ్వక ముందు కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబర్ రాసి 14422కి మెసేజ్ పంపండి. లేదా 2023 మేలో వచ్చిన సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడండి. దొంగిలించారని బ్లాక్ చేసిన ఫోన్ అయితే అక్కడే తెలుస్తుంది.

ఊళ్లలో బండి మీద వచ్చి పాత సెల్‌ఫోన్లు కొంటామని అరిచేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. పనిచేయని ఫోన్‌కు ప్లాస్టిక్ టబ్బో, స్టీలు గిన్నో ఇస్తారు. పగిలినదే కదా, ఏం చేసుకుంటాడులే అని మనవాళ్లు ఇచ్చేస్తారు. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో రామగుండం కమిషనరేట్ పోలీసులు ఇలా ఊళ్లు తిరిగి కొనే ముఠాను పట్టుకుంటే దాదాపు 4 వేల పాత ఫోన్లు దొరికాయి. సైబర్ నేరగాళ్లకు చేరవేయడానికే వాటిని కొన్నారు. తెర పగిలిన ఫోన్‌లో బోర్డు బాగానే ఉంటుంది. ఆ బోర్డులో మీ ఐఎంఈఐ ఉంటుంది, రీసెట్ చేయని మీ సమాచారం ఉంటుంది. మీ అమ్మగారికి ఈ సంగతి ఫోన్ చేసి చెప్పండి, ఇంట్లో ఇంకేవైనా పాత ఫోన్లు అటక మీద ఉంటే అవి కూడా పక్కన పెట్టించండి.

ఆ పూర్తిగా చచ్చిన ఫోన్లను చెత్తబండిలో వేయవద్దు, రాగి కోసం కాల్చేవాళ్ల చేతికీ ఇవ్వవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత ఫోన్లు అనుమతి ఉన్న రీసైక్లర్‌కు చేరేలా చూడాల్సిన బాధ్యత తయారీ కంపెనీలదే. మహబూబ్‌నగర్‌లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంటే అడిగి అక్కడ ఇవ్వండి. రిపేరు షాపువాళ్లు కూడా తీసుకుంటారు, బోర్డు పని నేర్చుకునే పిల్లలకు, విడిభాగాలకు అవి అక్కరకొస్తాయి. ఆన్ కాని ఫోన్‌ను రీసెట్ చేయలేం కాబట్టి, ఇచ్చే ముందు మీ కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి "మీ పరికరాలు" అనే చోట ఆ పాత ఫోన్ పేరు మీద నొక్కి సైన్ అవుట్ చేయండి. మెమరీ విషయంలో మరీ భయమైతే షాపులో మీ కళ్ల ముందే బోర్డు బయటికి తీయించుకుని మీరే ఉంచుకోండి. బ్యాటరీ తీసేశాక ఒట్టి బోర్డు సొరుగులో ఎన్నాళ్లున్నా ప్రమాదం లేదు.

ఉబ్బిన బ్యాటరీ ఏదన్నా దొరికితే దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, "ఒకసారి చూద్దాం" అని చార్జర్ అసలే పెట్టవద్దు. ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి ఇంటి బయట నీడన ఉంచి, దగ్గరలో ఉన్న షాపుకు అలాగే పట్టుకుపొండి.

మీరు ఊరికి ఎప్పుడు వెళ్తున్నారో చెప్పలేదు. ఈలోపు పాత ఫోన్ మోడల్ పేరు, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కింద రాయండి. బ్యాటరీ మార్చాల్సిన అవసరం ఉందో లేదో చెప్తాను, మార్చాలంటే మీ మోడల్‌కు మంచిది ఎట్లా గుర్తుపట్టాలో కూడా రాస్తాను.